ఎస్‌క్యూలైట్ థ్రెడింగ్ మోడ్‌లు: 147 నంబరు టోకెన్ రెండుసార్లు వచ్చాక

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ కింద ఒక నెల్లూరాయన మెస్ ఉంది. ఆయనకు టోకెన్ మెషిన్ నేనే చేసిచ్చా. చిన్న లైనక్స్ బోర్డు, థర్మల్ ప్రింటరు, సీలో రాసిన ప్రోగ్రాం, డేటాకి ఎస్‌క్యూలైట్, అంటే ప్రోగ్రాంలోనే కలిసిపోయే చిన్న డేటాబేస్ లైబ్రరీ. డబ్బులు తీసుకోలేదు, నెల రోజులు భోజనం పెట్టాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోను: "ఏందబ్బయా, 147 నంబరు ఇద్దరి చేతుల్లో ఉండాది. చికెన్ ఎవురికి, పప్పన్నం ఎవురికి?"

తప్పు నాదే. థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనుల్లో ఒకటి. కౌంటర్ మీటలు చూసుకునే థ్రెడ్ ఒకటి, యూపీఐ డబ్బు పడిందా అని చూసే థ్రెడ్ ఇంకొకటి. రెంటికీ డేటాబేస్‌తో ఒకే కనెక్షన్ ఇచ్చా. కొత్త వరస ఇన్‌సర్ట్ చేయడం, చివర చేరిన వరస ఐడీ అడగడం, దాన్నే టోకెన్ మీద కొట్టడం. థ్రెడ్ల విషయంలో ఎస్‌క్యూలైట్‌కి మూడు మోడ్‌లు, డిఫాల్ట్‌గా వచ్చేది సీరియలైజ్డ్ మోడే కదా, ఇంక భయమేంటనుకున్నా. ఆ మోడ్‌లో ప్రతి కాల్‌కీ లోపల తాళం పడే మాట నిజమే. కానీ ఆ తాళం ఒక్క కాల్ వరకే. నేను ఇన్‌సర్ట్ చేశాక ఐడీ అడిగేలోపు సందులో రెండో థ్రెడ్ దూరి ఇంకో వరస చేర్చిందనుకోండి, నా చేతికొచ్చేది దాని నంబరు. ట్రాన్సాక్షన్ (అన్నీ పడాలి, లేదా ఏదీ పడకూడదు అనే మార్పుల కట్ట) సంగతీ అంతే. ఒకే కనెక్షన్‌లో ఒకడు రోల్‌బ్యాక్, అంటే చేసింది రద్దు, అంటే పక్కోడి బిల్లు కూడా పోతుంది. లైబ్రరీ చెక్కుచెదరదు, మన లెక్క చెడుతుంది.

ఇక్కడ నా తెలివి చూడండి. 'మల్టీ థ్రెడ్' అని ఇంకో మోడ్ ఉంది కదా, నాకు కావలసింది అదే అనుకున్నా. పేరు పెట్టినవాళ్ల మీద నాకున్న ఒకే ఫిర్యాదు ఇది. థ్రెడ్లు ఎన్నైనా ఉండొచ్చు, ఒక కనెక్షన్‌ని మాత్రం ఒకేసారి ఇద్దరు ముట్టుకోకూడదు అని దాని అర్థం. అంటే సీరియలైజ్డ్ కంటే రక్షణ తక్కువ. పైగా మోడ్ మార్చే కాన్ఫిగ్ కాల్‌ని డేటాబేస్ తెరిచాక పెట్టా. అది 21 అని, అంటే మిస్‌యూజ్ అని, చెబుతూనే ఉంది. రిటర్న్ విలువ చూసిన పాపాన పోలేదు. థ్రెడ్‌సేఫ్ ఫంక్షన్ పిలిస్తే 1 వచ్చింది, అంటే సీరియలైజ్డ్. అది కంపైల్ అప్పటి సంగతే చెబుతుంది, తర్వాత మనం మార్చింది చెప్పదు. చివరికి కాల్‌ని మొదట్లోకి జరిపితే మోడ్ నిజంగానే మారింది, సరిగ్గా భోజనాల వేళ ప్రోగ్రాం కుప్పకూలింది.

థ్రెడ్‌సేఫ్ ఆప్షన్‌కి సున్నా పెట్టి కంపైల్ చేసే సింగిల్ థ్రెడ్ జోలికి పోలేదు. మ్యూటెక్స్, అంటే ఆ తాళాల కోడే లేకుండా పోతుంది, తర్వాత ఏ ఫ్లాగూ దాన్ని వెనక్కి తేలేదు. వాళ్ల డాక్యుమెంటేషన్ ప్రకారమే దానివల్ల మిగిలే వేగం 2 శాతం. పప్పన్నం టోకెన్‌కి అదెందుకు?

ఇప్పుడు థ్రెడ్‌కో కనెక్షన్. చివరి ఐడీ కనెక్షన్‌కి కనెక్షన్‌కి వేరు కాబట్టి ఎవరి నంబరు వాళ్లకే. తెరిచేటప్పుడు నోమ్యూటెక్స్ (కనెక్షన్‌కి తాళం వద్దు అనే) ఫ్లాగ్ ఇచ్చా. ఇద్దరూ ఒకేసారి రాయబోతే బిజీ అని 5 వచ్చేది. బిజీ టైమౌట్ 5000 మిల్లీసెకన్లు పెట్టాక ఆ గోలా లేదు. వాల్ మోడ్ (మార్పుల్ని ముందు విడి లాగ్ ఫైల్లో రాసే పద్ధతి) కూడా వేశా. రాసేవాడు అప్పటికీ ఒక్కడే, కాకపోతే రాత్రి లెక్క చూసే స్క్రీను ఆగట్లేదు.

2000 నుంచి ఉన్న లైబ్రరీ, పబ్లిక్ డొమైన్, పైసా అడగదు. ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర కోత పేరుకి. థ్రెడ్లు చెడ్డవి, వాటి జోలికి పోవద్దని వాళ్ల ప్రశ్నోత్తరాల పేజీలోనే ఉంది. నేను చదివింది టోకెన్ల గొడవ అయ్యాక.

ఆరు వారాలుగా ఒక్క నంబరూ రెండోసారి రాలేదు. మెస్ అన్న మాత్రం టోకెన్ చేతిలో పట్టుకుని, "చికెనేగా?" అని ఇంకోసారి అడిగే వడ్డిస్తున్నాడు.