నెల్లిమర్ల దారిలో ఎత్తు కప్పు ఇంట్లో నాలుగు రాత్రులు

మా ఇళ్ళల్లో లాఫ్ట్ అంటే వంటగది గోడకు పైన కట్టిన అటక. పండగకో పెళ్ళికో తప్ప కిందికి దిగని ఇత్తడి గంగాళాలు, పాత ట్రంకు పెట్టె, ఖాళీ ఊరగాయ జాడీలు ఉండే చోటు. అందుకే మా మేనకోడలి పెళ్ళికి విజయనగరంలో బస వెతుకుతూ మా అబ్బాయి “లాఫ్ట్ ఫ్లాట్ దొరికింది నాన్నా” అని ఫోను చేసినప్పుడు, డెబ్బై నాలుగేళ్ళ మా అమ్మ “అటక మీద పడుకోమంటాడేమిట్రా వీడు?” అని నిజంగానే ఆందోళన పడింది. మే మూడో వారంలో నాలుగు రాత్రులు అక్కడ గడిపి వచ్చాక, ఆమె ఆందోళనలో చాలా న్యాయం ఉందని నాకు అర్థమైంది.

ఆ భవనం విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్ళే దారిలో, ఒకప్పుడు గోనెసంచుల గోదాములు వరుసగా ఉండిన చోట ఉంది. ఉత్తరాంధ్రలో గోగు పండినంత కాలం ఈ దారికి ఆ పంటే ప్రాణం: రైతులు గోగు కట్టలను చెరువుల్లో ఊరవేసి, నార తీసి, ఆరబెట్టి బళ్ళ మీద తెచ్చేవారు, మిల్లుల్లో ఆ నారకు నూనె, నీరు కలిపి పట్టించి, మెత్తబరచి, వడికి, నేసి సంచులుగా కుట్టేవారు. ఆహారధాన్యాలను, పంచదారను గోనెసంచుల్లో నింపడం తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 1987లో చట్టం తెచ్చినా, ప్లాస్టిక్ సంచుల పోటీ ముందు, తగ్గుతూ వచ్చిన గోగు సాగు ముందు ఈ ప్రాంతపు మిల్లులు నిలదొక్కుకోలేకపోయాయి. మూతపడి తెరుచుకుని, మళ్ళీ మూతపడిన మిల్లు గేట్ల కథ ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంది. మా చిన్నాన్న ఇరవై ఆరేళ్ళు స్పిన్నింగులో పనిచేశారు. ఆయన ఇంటికి వచ్చేసరికి చొక్కాకు పట్టి ఉండే నార, నూనె కలిసిన వాసన నాకు ఇప్పటికీ గుర్తు. ఈ రోజు అదే దారిలో వైద్య కళాశాల విద్యార్థుల హాస్టళ్ళు, మెస్సులు, జెరాక్సు దుకాణాలు కనిపిస్తున్నాయి. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగిన తరువాత స్థలాల బోర్డులు కూడా వచ్చి చేరాయి.

ఫ్లాట్ తలుపు తీయగానే చూపు పైకి పోతుంది. కప్పు సుమారు పదిహేను అడుగుల ఎత్తున ఉంది. పడమటి గోడలో సగానికి పైగా ఒకటే అద్దం. పూత వేయని ఇటుక గోడ, పైన నల్లరంగు వేసి బయటికే వదిలేసిన పైపులు, హాలు ఒక మూల నుంచి పైకి వెళ్ళే ఇనుప మెట్లు, ఆ మెట్ల చివర పడకకు వేసిన చెక్క అంతస్తు. మొదటి సాయంత్రం ఆ అద్దంలోంచి రైలు కట్ట మీద గూడ్సుబండి పోతూ ఉంటే, దాని వెనుక ఆకాశం ఎర్రబడుతూ ఉంటే, మేమందరం మాట్లాడకుండా నిలబడి చూశాం. అంత వెలుతురూ అంత ఖాళీ ఉన్న గదిలో నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఉండలేదు. పదిమంది బంధువులు ఒకేసారి వచ్చినా హాలు ఇరుకనిపించలేదు; పసుపు దంచిన రోజున ఆడవాళ్ళంతా ఆ హాల్లోనే చాపలు పరుచుకుని కూర్చున్నారు.

ఇబ్బంది మెట్ల దగ్గర మొదలైంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య వెనుక పలక లేదు, ఖాళీ. ఒక వైపు మాత్రమే కమ్మీ. అమ్మ మూడో మెట్టు మీద పాదం పెట్టి, మెట్ల సందులోంచి కిందనున్న నేల కనబడేసరికి అక్కడే ఆగిపోయింది. ఆమె చీర కుచ్చెళ్ళు మెట్టు అంచుకు చిక్కుకున్నాయి. చీర కట్టుకునే మనుషులు ఎక్కి దిగుతారన్న ఊహ ఆ మెట్లు గీసినవారికి కలగలేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. స్నానాలగది కింద ఉండడం, పడక పైన ఉండడం వల్ల రాత్రి రెండుసార్లు లేచే పెద్దవాళ్ళకు ఈ ఏర్పాటు ప్రమాదకరం కూడా. ఆ రాత్రి నుంచి అమ్మకు హాల్లోనే పరుపు వేశాం.

వేడి దానికి మించిన సమస్య. పై అంతస్తులో మంచం మీద కూర్చుని చెయ్యి చాస్తే శ్లాబు తగిలింది. రాత్రి పదకొండు గంటలకు కూడా అది అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా ఉంది. ఏసీ కింద హాలు గోడకు బిగించారు. చల్లగాలి బరువుగా కిందే పరుచుకుంటుంది, వేడిగాలి పైకి లేస్తుంది. అంటే మనం డబ్బు కట్టి చల్లబరిచిన గాలి ఎవరూ పడుకోని చోట ఉండి, పగలంతా పడమటి అద్దంలోంచి వచ్చిన వేడి సరిగ్గా పడక దగ్గర పోగవుతుంది. అమ్మ వెంట తెచ్చుకున్న చిన్న గడియారంలో ఉష్ణోగ్రత కూడా చూపిస్తుంది. అర్ధరాత్రి కింద 28 డిగ్రీలు, పైన 33 డిగ్రీలు.

ఈ సంగతి నాకు ముందే చెప్పినవాడు అక్కడి కాపలాదారు. ఆయన మిల్లులో పనిచేసి, మిల్లు మూతపడ్డాక ఇక్కడ చేరాడు. సామాను దించుతూనే, “పైన తొంగోకండి బాబూ, ఉడికిపోతారు. మా మిల్లు షెడ్డు దీనికి రెండింతల ఎత్తుండీది, గానీ వేడి పైకెళ్ళి బయటికి పోడానికి దారుండీది. దీనికేటుంది?” అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా సరైనది. పాత మిల్లు షెడ్ల కప్పు రంపపు పళ్ళలా ఉండేది. ప్రతి పంటికీ నిటారుగా ఉండే ముఖం ఉత్తరానికి తిప్పి అద్దం బిగించడం వల్ల, ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ నేరుగా పడకుండా వెలుగు మాత్రమే మగ్గాల మీదికి దిగేది. పైనున్న కిటికీలు తెరిస్తే వేడి బయటికి పోయేది. ఇక్కడ ఎత్తు ఉంది, అద్దం ఉంది, కానీ అద్దం పడమరకు ఉంది, పైన చిన్న గవాక్షమైనా లేదు.

ఈ తరహా ఇళ్ళకు పేరు తెచ్చిన న్యూయార్కులోని సోహోలో, ఖాళీ అయిన ఫ్యాక్టరీ అంతస్తుల్లోకి 1960లలో చిత్రకారులు, శిల్పులు చవక అద్దెకు చేరారు. వారి నివాసాన్ని నగరపాలన 1971లో అనుమతించింది. అక్కడ పాత కట్టడాన్ని ఉంచుకుని మనుషులు అందులో ఒదిగారు. ఇక్కడ గోదామును పూర్తిగా పడగొట్టి, దాని పోలికలో కొత్తది కట్టారు. ఆ గోదాము నుంచి మిగిలింది ముఖద్వారం దగ్గర దూలానికి వేలాడే ఒక ఇనుప కొక్కెం మాత్రమే; దానికి కాటా తగిలించి నార కట్టలు తూచేవారట. అరిగి నున్నబడిన దాని లోపలి వంపును తడిమి చూసినప్పుడు, ఆ భవనం మొత్తంలో నాకు మనసుకు తగిలింది అదొక్కటే అనిపించింది.

సేవల విషయంలో ఫిర్యాదు చేయవలసింది తక్కువ. నీళ్ళు నిరంతరం వచ్చాయి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఫ్యాన్లు తిరిగాయి గానీ ఏసీ నడవలేదు. వంటగదిలో రెండు పొయ్యిలు, ఫ్రిజ్ ఉన్నాయి. అయితే గది అంతా ఒకటే కావడంతో పెళ్ళివారి కోసం మా ఆవిడ ఆవ పెట్టి పనసపొట్టు కూర వండిన రోజు ఆ ఘాటు రాత్రి దాకా పడక మీదనే ఉంది. రాత్రికి 2,800 రూపాయలు తీసుకున్నారు. ఈ ఫ్లాటుకు వచ్చే ముందు రోజు రైలు ఆలస్యమై ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర లాడ్జిలో 1,500 రూపాయల గదిలో దిగాం. అది ఇరుకు, కిటికీ తెరిస్తే ఎదుటి గోడ, కానీ అందరం హాయిగా నిద్రపోయాం. ఒక మధ్యాహ్నం కోట దగ్గర మా పెద్దమ్మ పెంకుటింట్లో గడిపాం. మండువాలోంచి గాలి ఆడుతూ ఉంటే అమ్మ ఫ్యాను కూడా అడగలేదు.

ఊరు చూడాలంటే ఈ చోటు అనుకూలమే. గంటస్తంభం, 1713 నాటి కోట, 1919లో మొదలైన సంగీత కళాశాల ఆటోలో దగ్గర. రామతీర్థానికి తెల్లవారుజామునే బయలుదేరి, గురుభక్తులకొండ మీది బౌద్ధ శిథిలాలు చూసి, ఎండ ముదరకముందే తిరిగి వచ్చాం. చంపావతి వంతెన మీద ఆగితే మే నెలలో ఇసుకే ఎక్కువ కనిపించింది.

మెట్లకు వెనుక పలకలు, రెండో వైపు కమ్మీ, పైన గోడకు గాలి బయటికి లాగే ఒక ఫ్యాను, పడమటి అద్దానికి బయటి వైపు వట్టివేళ్ళ తడికో వెదురు చాపో పెట్టమని యజమానితో వివరంగా మాట్లాడాను. ఆయన శ్రద్ధగా కాగితం మీద రాసుకున్నారు. సంక్రాంతికి మా అబ్బాయి, కోడలు వస్తే ఆ ఫ్లాటే తీసుకోమని చెప్పాను. చలికాలంలో, మోకాళ్ళు బాగున్న ఇద్దరికి అది మంచి బస. అమ్మకూ నాకూ అప్పటికి పెద్దమ్మగారి మండువాలో రెండు నవారు మంచాలు వేయించి ఉంచుతామని మాట తీసుకున్నాం.