ఫ్లోరైడ్ లేని పిల్లల టూత్‌పేస్టు: నల్లగొండలో వాడి చూశాక

మాది నల్లగొండ. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవాళ్ళను, నడుములు వంగిపోయినవాళ్ళను చూస్తూ పెరిగాం. అందుకే పాపకు పళ్ళు తోమడం మొదలుపెట్టినప్పుడు మా అత్తమ్మ, "ఆ ఫ్లోరైడ్ పేస్టు మాత్రం ఇంట్లకు తేకు బిడ్డా" అంది. సరేనని పాపకూ, ఆ తర్వాత బాబుకూ ఫ్లోరైడ్ లేనివే ఏళ్ళ తరబడి వాడాం.

మొదటిది వేప, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) కలిపిన స్ట్రాబెర్రీ రుచి పేస్టు. నురగ తక్కువ, నోరు మండదు, పిల్లలు పేచీ పెట్టరు. ఆ రుచికి పాప ఉమ్మకుండా చప్పరించి మింగేసేది. ఫ్లోరైడ్ లేదు కదా అని టెన్షన్ పడలేదు. మామూలు పేస్టుకు మూడింతల ధర పెట్టింది ఆ నిశ్చింత కోసమే.

పుచ్చు ఆపే విషయంలో మాత్రం మార్కులు వేయలేను. పాప ముందుపళ్ళ మీద, చిగురు అంచున, సున్నంతో గీసినట్టు తెల్లటి చార వచ్చింది. ఇంట్లో అందరం గార అనే అనుకున్నాం. పళ్ళ డాక్టరు గాలి కొట్టి పన్ను ఆరబెట్టేసరికి చార ఇంకా తెల్లగా తేలింది. అది గార కాదట, పుచ్చు మొదలవుతున్న గుర్తట. వెనక దవడపన్నులో అప్పటికే నల్లటి గుంట పడింది, నింపించాం. పాపకు చక్కెర పాలు తాగి పడుకునే అలవాటుంది కాబట్టి నెపమంతా పేస్టు మీదికి తోయను. కానీ ఆపాల్సింది ఆపలేదు.

మా భయానికి లెక్క దొరికింది ఆ డాక్టరు దగ్గరే. కడుపులోకి ఎక్కువగా పోయిన ఫ్లోరైడ్ చిగురు లోపల తయారవుతున్న పన్నును చెడగొడుతుంది. పేస్టుతో పన్ను మీద పూసిన ఫ్లోరైడ్ మాత్రం, బయటికొచ్చిన పన్నులో ఆమ్లానికి కరిగిన ఖనిజం మళ్ళీ పేరుకునేలా చేస్తుంది. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం, అంటే గ్రాము పేస్టుకు ఒక మిల్లీగ్రాము, దాటకూడదు. మూడేళ్ళ లోపు పిల్లలకు పెట్టాల్సింది బియ్యపు గింజంత, అంటే సుమారు 0.1 గ్రాము. మొత్తం మింగినా లోపలికి పోయేది 0.1 మిల్లీగ్రాము. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న బోరునీళ్ళు ఒక్క గ్లాసు తాగితే దానికి మూడింతలు పోతుంది!

బాబుకు తర్వాత హైడ్రాక్సీఅపటైట్ ఉన్న పేస్టుకు మారాం. పన్ను పైపొర ఎనామిల్ ఉండేదే ఆ ఖనిజంతో. జపాన్‌లో 1993లోనే పుచ్చు నివారణకు దీన్ని ఆమోదించారు. వాడికి ఇంతవరకు పుచ్చు లేదు, కానీ వాడికి తీపి అంటేనే పడదు, కాబట్టి ఘనత పేస్టుకు ఇవ్వలేను. నాకు చిరాకు తెప్పించింది ట్యూబే. "ఫ్లోరైడ్ ఫ్రీ" అని ముందు పెద్ద అక్షరాలు. హైడ్రాక్సీఅపటైట్ ఎంత శాతమో ఎక్కడా లేదు.

ఇప్పుడు మాకు నల్లా నీళ్ళు వస్తున్నాయి, పాపకు 1000 పీపీఎం పేస్టే వాడుతున్నాం. బోరునీళ్ళు తాగే ఇళ్ళవాళ్ళు పేస్టు మార్చే ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లేనిదే కావాలంటే వేప–జైలిటాల్ రకం కన్నా హైడ్రాక్సీఅపటైట్ రకం నయం. కుక్కను పెంచుకునేవాళ్ళు జైలిటాల్ ఉన్న ట్యూబు దానికి అందకుండా పెట్టండి, కుక్కలకు అది విషం.