వెండి రూపాయలు తూచే జేబు త్రాసు: కొంటే 0.01 గ్రాము రకమే కొనండి

తాతల నాటి ట్రంకుపెట్టెలోనో దేవుడి గూట్లోనో దాచిన వెండి రూపాయలు అసలువో కావో, వాటిలో వెండి ఎంతో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అందుకు 200 గ్రాముల వరకు తూగి, 0.01 గ్రాము తేడాను చూపే జేబు త్రాసు కావాలి. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాని పక్కనే, చూడ్డానికి అలాగే ఉండే 500 గ్రాముల రకం కూడా కనిపిస్తుంది. అది 0.1 గ్రాము తేడానే చూపుతుంది. నాణేల పనికి అది దండగ.

ఎందుకో చూడండి. బ్రిటిషు ఇండియా రూపాయి తూకం 1835 నుంచీ 11.66 గ్రాములే. అందులో వెండి 91.7 శాతం, అంటే 10.69 గ్రాములు. 1940–45 మధ్య వచ్చిన ఆరో జార్జి రూపాయి తూకమూ అంతే, కానీ వెండి సగానికి పడిపోయి 5.83 గ్రాములైంది. 1947 రూపాయి పూర్తిగా నికెల్. దాన్ని పట్టుకోవడానికి త్రాసు అక్కర్లేదు, అయస్కాంతానికి అతుక్కుంటుంది. మూడింటినీ వట్టిగా తూస్తే త్రాసు ఒకే అంకె చూపుతుంది. తేడా తెలియాలంటే నీళ్లలో తూచాలి.

తేలికపాటి ప్లాస్టిక్ గ్లాసులో సగానికి నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, టేర్ నొక్కి సున్నాకు తెండి. నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో కట్టి, అడుగూ అంచులూ తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు కనిపించే గ్రాముల అంకే ఘన సెంటీమీటర్లలో ఆ నాణెం ఘనపరిమాణం. పొడి తూకాన్ని దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. పాత మంచి రూపాయికి నీళ్లలో 1.13 చూపాలి, సాంద్రత 10.3 దగ్గర ఉంటుంది. సగం వెండిదానికి 1.22, వెండిపూత పూసిన ఇత్తడికి 1.37 దాకా వస్తుంది. 0.1 గ్రాము త్రాసులో మొదటిది 1.1, రెండోది 1.2. మధ్యలో ఒక్క మెట్టే ఉంది, త్రాసు కాస్త తడబడితే రెండూ కలిసిపోతాయి. చేతులు మారి అరిగిన రూపాయి 11.45కు దిగినా సాంద్రత మారదు. ఈ పద్ధతిలోని అసలు బలం అదే.

తెలంగాణ ఇళ్లలో ఎక్కువగా దొరికే చార్మినార్ బొమ్మ హాలీ సిక్కాకు, అంటే నిజాం రాజ్యపు రూపాయికి, ఈ లెక్క వేరు. దాని తూకం 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, నీళ్లలో 1.10. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దాన్నీ సగం వెండికి దించారు. 11.66 లేదని హాలీ సిక్కాను నకిలీ అనుకుని పారేయకండి.

ఇక త్రాసులోని లోపాలు. పళ్లెం చిన్నది, వెడల్పు గ్లాసు పెడితే మూత తెరుచుకునే చోట తగులుతుంది. ఫ్యాను గాలికి చివరి అంకె నిలవదు. చాలా వాటిలో సున్నాను తనంతట తానే సర్దుకునే ఏర్పాటు ఉంటుంది. నాణేన్ని మరీ నెమ్మదిగా దించితే ఆ కాస్త బరువును త్రాసు సున్నాలో కలిపేసుకుంటుంది. అందుకని ఒక్కసారిగా, చిందకుండా ముంచాలి. దారాన్ని చేత్తో పట్టుకోకుండా ఏ గరిటె కాడకో కట్టి పెడితే అంకె స్థిరంగా ఉంటుంది. నాణేనికి గాలిబుడగ అంటుకుంటే ఘనపరిమాణం పెరిగి మంచి వెండి కూడా నకిలీలా కనిపిస్తుంది. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేస్తే బుడగలు నిలవవు. హారానికి గుచ్చడానికి కొక్కెం అతికించిన రూపాయలకు ఈ లెక్క సరిగ్గా రాదు, అతుకు లోహం కలుస్తుంది.

త్రాసు చెప్పలేనివీ ఉన్నాయి. అసలు వెండితోనే పోసిన నకలు దీనికి తెలియదు. ఆరో జార్జి 1939 రూపాయి అరుదైనది కాబట్టి 1938 నాణెం మీద చివరి అంకెను చెక్కి 9 చేస్తారు. తూకం, సాంద్రత రెండూ సరిపోతాయి. ఆ అంకె చుట్టూ 10 రెట్ల భూతద్దంతో గీతలు వెతకాల్సిందే. 1818 అని వేసి రాముడి పట్టాభిషేకం బొమ్మతో తిరిగే ‘ఈస్టిండియా కంపెనీ అణా’ బిళ్లలు ఎంత తూగినా కంపెనీ నాణేలు కావు. బియ్యాన్ని లాగుతుందని లక్షలు చెప్పే రైస్ పుల్లింగ్ నాణెం, చెంబు మోసమే.

అమ్మే ముందు చింతపండుతో, పళ్లపొడితో తోమకండి. వెండి విలువ తగ్గదు గానీ సేకర్త ఇచ్చే ధర పడిపోతుంది. బేరం గ్రాముల్లోనే చేయండి. కొట్లో తులం అంటే ఇప్పుడు 10 గ్రాములు, రూపాయి తూకం పాత తులం. ‘ఒక్కోటీ తులం’ అని లెక్క కడితే రూపాయికి 1.66 గ్రాములు పోతాయి. నూరేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు. విదేశాల్లో ఉన్న పిల్లలకు వాటాగా సూట్‌కేసులో పెట్టి పంపకూడదు.

కొనేటప్పుడు 100 గ్రాముల తూకంరాయి కూడా తీసుకోండి, చాలా పెట్టెల్లో అది రాదు. త్రాసు చేతికి రాగానే ఆ రాయిని పళ్లెం మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ పెట్టి చూడండి. మూలకీ మధ్యకీ 0.03 గ్రాము మించి తేడా వస్తే గడువు దాటకముందే వాపసు చేయండి.