పురసవాక్కంలో మెట్రో వాటర్ కుళాయి: వంటకి మొదటి మార్కు దీనికే

చెన్నైలో అద్దెకి ఇల్లు వెతుక్కునే మనవాళ్ళ కోసం రాస్తున్నాను. పురసవాక్కంలో మా వంటింట్లో రెండు కుళాయిలున్నాయి, ఒకటి బోరు, ఇంకోటి మెట్రో వాటర్, అంటే నగర నీటి బోర్డు సరఫరా చేసే నీళ్ళు. మెట్రో నీళ్ళకి ఐదుకి నాలుగు వేస్తాను.

తేడా కందిపప్పు దగ్గరే తెలిసిపోతుంది. బోరు నీళ్ళు పోసి కుక్కర్ పెడితే ఎన్ని విజిల్స్ వచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పప్పుని మెత్తబడనివ్వవు. అదే పప్పు మెట్రో నీళ్ళలో వెన్నలా మెదుగుతుంది. సబ్బు నురగ కూడా వెంటనే వస్తుంది. క్లోరిన్ వాసన కొంచెం ఉంటుంది గానీ, అది పైపుల్లో క్రిములు చేరకుండా వేసేదే. రాత్రి బిందెలో పట్టి పల్చటి గుడ్డ కప్పి ఉంచితే తెల్లారేసరికి చాలావరకు పోతుంది. తాగే నీళ్ళు మాత్రం కాచుకుంటాం. తగ్గిన ఆ ఒక్క మార్కు మా బిల్డింగ్ సంప్ వల్ల. దాన్ని కడిగించమని ఓనర్‌గారిని అడిగీ అడిగీ విసుగొచ్చింది.

ఈ నీళ్ళ మీద నాకున్న అభిమానం వంటతో ఆగదు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు కుదిరిన ఒప్పందం వల్ల కృష్ణ నీళ్ళు శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా 1996లో చెన్నై దగ్గరి పూండి జలాశయానికి చేరాయి. కండలేరు మా నెల్లూరు వైపుదే. దారిలో కాలువలోనే చాలా ఇంకిపోయేవి, సత్యసాయి ట్రస్టు లైనింగ్ చేయించాక ఆ నష్టం తగ్గింది. పూండి నుంచి రెడ్‌హిల్స్‌ చెరువుకి వచ్చి, అక్కడి వాన నీళ్ళతో కలిసి, శుద్ధి అయి ఊళ్ళోకొస్తాయి. 2019 ఎండాకాలంలో చెరువులన్నీ అడుగంటి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడ్డ ఎవరికైనా కుళాయి విలువ తెలుసు.

అందుకే ఆర్‌వో మిషన్ కొనలేదు. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే దాని అవసరం లేదు, మీటరు పెట్టి చూస్తే మా మెట్రో నీళ్ళు అంతకన్నా బాగా తక్కువే చూపిస్తాయి. లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు మోరీలోకి వదిలే మిషన్ ఈ ఊళ్ళో పెట్టడానికి నాకు మనసొప్పదు. బోరు మాత్రమే ఉన్న ఇంట్లో అయితే అది వేరే సంగతి.

ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు "మెట్రో కనెక్షన్ ఉందా?" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఆ పైపు నేరుగా వంటింటికి వస్తుందా, సంప్‌లో బోరుతో కలిసిపోతుందా అని కూడా అడగండి. కలిపేస్తే అడ్వాన్సు ఇవ్వకముందే విడిగా లైన్ వేయించమనండి.