చీలమండ టీబీ: సూదా, కీహోలా, పెద్ద కోతా?

మా తమ్ముడి చీలమండ వాచి ఎనిమిది నెలలైనా అందరం బెణుకే అనుకున్నాం. నాటు కట్టు, ఆయింట్‌మెంట్లు, నొప్పి బిళ్లలు అన్నీ అయ్యాయి. ఒకచోట కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా వేశారు. కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి, వాపు మునుపటికంటే పెరిగింది. జ్వరం లేదు, దగ్గు లేదు, ఛాతీ ఎక్స్‌రే బాగుంది. చీలమండకు అటూ ఇటూ ఉండే గుంటలు పూడిపోయాయి. పిక్క మాత్రం చూస్తేనే తెలిసేంత సన్నబడింది. టీబీ అన్న మాట అప్పటిదాకా ఎవరి నోటా రాలేదు.

ఎముకలకూ కీళ్లకూ వచ్చే టీబీలో దాదాపు సగం వెన్నెముకదే. తర్వాత తుంటి, మోకాలు. చీలమండకు అరుదు, అందుకే చాలామందికి ఇంత ఆలస్యం అవుతుంది. ఎమ్మారైతో అనుమానం బలపడుతుందే గానీ, టీబీ అని తేల్చాలంటే కీలు లోపలి పొర ముక్క కావాలి. పరీక్షకు కీలు లోపలి నుంచి నమూనా తీయడానికి మూడు దారులున్నాయి.

సూదితో నీరు లాగడం అన్నిటికంటే సులువు, ఖర్చు తక్కువ. కానీ కీళ్ల టీబీలో క్రిములు కొన్నే ఉంటాయి, నీటిలో దొరక్కపోవచ్చు. రిపోర్టులో "నెగటివ్" అని వస్తే టీబీ లేదని అర్థం కాదు. మేం ఆ కాగితాన్ని నమ్మి ఇంకో నెల పోగొట్టుకున్నాం.

కీహోల్ అంటే చీలమండ ముందు భాగంలో రెండు చిన్న గాట్లు పెట్టి, ఒకదాంట్లోంచి సన్నని కెమెరా, రెండోదాంట్లోంచి పనిముట్టు పంపడం. సెలైన్‌తో కీలును ఉబ్బించి లోపల చూస్తారు. డాక్టర్ మాకు వీడియో చూపించారు: ఉబ్బిన పొర, దాని మధ్య బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు నీళ్లలో తేలుతున్నాయి. పాడైన చోటు కళ్లతో చూసి అక్కడే నాలుగైదు ముక్కలు తీయగలగడం దీని బలం. చెడిన పొరను కూడా అప్పుడే గీకి, కడిగేస్తారు. గాయం చిన్నది, కాలు త్వరగా కదిలించొచ్చు. ఈ పద్ధతికి పునాది వేసినవారిలో జపాన్ డాక్టరు కెంజి తకాగి ఒకరు. 1918లో ఆయన మూత్రాశయం చూసే గొట్టంతో ఒక శవం మోకాలి లోపల చూశారు. మోకాలి టీబీని ముందే పట్టుకోవాలన్నదే ఆయన తపన.

ఇబ్బందులూ ఉన్నాయి. చీలమండ ఇరుకు కీలు, చేయి తిరిగిన డాక్టరు కావాలి. గాటు దగ్గర నరం దెబ్బతింటే పాదం పైభాగం మొద్దుబారుతుంది. అయినా ఎముక ఇంకా బాగానే ఉండి, రోగం తేలని దశలో నా ఓటు దీనికే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. తీసిన ముక్కలన్నీ ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చచ్చిపోతాయి, కల్చర్ (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడడం) కుదరదు. కొన్ని బయాప్సీకి ఫార్మలిన్‌లో, కొన్ని కల్చర్‌కు, టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షకు సెలైన్‌లో వెళ్లాలి. సీబీనాట్ మిషన్‌లో పెట్టిన రెండు గంటల్లో టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెబుతుంది, కల్చర్‌కు వారాలు పడుతుంది. సంతకం పెట్టేటప్పుడే రెండు సీసాల సంగతి అడగండి. మేం అడగలేదు, సిస్టర్ గుర్తుపెట్టుకుంది కాబట్టి సరిపోయింది.

పెద్ద కోత వద్దే వద్దనలేం. చీము బాగా పట్టినా, చచ్చిన ఎముక ముక్క లోపల ఉన్నా అదే మేలు. కీహోల్ సదుపాయం దగ్గర్లో లేకపోతే దానికోసం నెలలు ఆగకండి, చిన్న కోతతో ముక్క తీసినా రోగం తేలుతుంది. కీలు పూర్తిగా అరిగిపోయిన వాళ్లకు ఎముకలు అతికించేస్తారు. నొప్పి పోతుంది, పాదం పైకీ కిందికీ ఆడదు, గొంతుకు కూర్చోవడం కష్టమవుతుంది.

ఏ దారిన వెళ్లినా నయం చేసేది మందులే. తొందరగా తేలితే చాలామందికి మందులు, పట్టీ, వ్యాయామంతోనే సరిపోతుంది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత మూడు, మొత్తం కనీసం ఏడాది. ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదైతే మందులు ఉచితం, తిండికి నెలకు 1000 రూపాయలు ఇస్తారు. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దు, రిఫాంపిసిన్ వల్లే. చూపు మసకబారినా, కళ్లు పచ్చబడినా మాత్రం అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మా వాడు మందులు మొదలుపెట్టి ఇది పదో నెల. వాపు పోయి చీలమండ గుంటలు మళ్లీ కనిపిస్తున్నాయి. నొప్పి లేదు కదా, మాత్రలు ఆపేస్తానంటాడు. అమ్మ ఒప్పుకోదు, రోజూ పొద్దున్నే ఎదురుగా నిలబడి మింగిస్తుంది.