డ్యాష్‌బోర్డు మెరవక్కర్లేదు

విజయవాడలో మా అపార్ట్‌మెంటుకు సెల్లార్ లేదు. కారు రోజంతా ఎండలోనే ఉంటుంది. అందుకే లోపలి ప్లాస్టిక్‌కీ, బయటి నల్ల ప్లాస్టిక్‌కీ ఏదో ఒకటి పూస్తూ వస్తున్నాను. కొన్ని వేసవులు వాడి చూశాక గట్టిగా చెప్పగలిగింది ఒకటే: డ్యాష్‌బోర్డుకు ఏది పూసినా సరే, అది మెరవకూడదు.

వాటర్ వాష్ అయ్యాక వాషింగ్ సెంటర్లలో పూసే పాలిష్ చాలావరకు సిలికాన్ ఆయిలే. పూసిన రోజు బండి షోరూమ్ నుంచి అప్పుడే తెచ్చినట్టు ఉంటుంది. మా అమ్మకైతే ఆ వాసన కూడా ఇష్టం.

మే నెలలో ఒక సాయంత్రం సూర్యాపేటలో పెళ్లికి బయల్దేరాం. ఆ మధ్యాహ్నమే వాష్ చేయిస్తే పాలిష్ దట్టంగా కొట్టి ఇచ్చారు. చిల్లకల్లు టోల్ దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. కోదాడ దాటాక రోడ్డు పడమటికి తిరుగుతుంది, ఆ నెలల్లో పొద్దు వాలే వేళకు సూర్యుడు దాదాపు ఎదురుగానే ఉంటాడు. డ్యాష్‌బోర్డు మొత్తం ముందు అద్దంలో కనిపించడం మొదలైంది. ఏసీ గీతలు, మూలనున్న సెంటు సీసా, ఎయిర్‌బ్యాగు మూత అంచు, అన్నీ రోడ్డు మీద తేలుతున్నాయి. సన్‌వైజర్ దించాను. వెలుగు కింద నుంచి కొడుతుంటే అదేం చేస్తుంది? పక్కన కూర్చున్న తమ్ముడు “అక్కా, ట్రాక్టర్!” అని అరిచేదాకా ముందు పోతున్న గడ్డి ట్రాలీ నాకు ఆనలేదు. దాని వెనక ఒక్క రేడియం స్టిక్కర్ కూడా లేదు. బ్రేక్ మీద నిలబడ్డంత పనైంది.

పక్కకు ఆపి పొడిగుడ్డతో తుడిచాం. జిడ్డు అటు నుంచి ఇటు పాకిందే తప్ప పోలేదు. చివరికి నా నల్ల చున్నీ డ్యాష్‌బోర్డు మీద పరిచి నెమ్మదిగా సూర్యాపేట చేరాం. పక్క సీటు ఎయిర్‌బ్యాగు అక్కడి నుంచే తెరుచుకుంటుంది కాబట్టి అలా గుడ్డ కప్పడం మంచిది కాదు. ఆ పూటకు వేరే దారి కనిపించలేదు.

ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా కార్ షాంపూ కలిపి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాను. ఒక్కసారికి వదల్లేదు. డ్యాష్‌బోర్డు పైన సన్నగా తోలు గరుకులా ఉంటుంది కదా, ఆ గరుకులోకి పోయిన జిడ్డు దుమ్ముతో కలిసి నల్లగా వస్తూనే ఉంది.

అప్పటి నుంచి వాడుతున్నది నీళ్ల బేస్ ఉన్న మ్యాట్ ఫినిష్ పాలిష్, అంటే మెరుపు లేని రకం. సీసాలో పల్చటి పాలలా కనిపిస్తుంది. నేరుగా డ్యాష్‌బోర్డు మీద కొట్టకుండా గుడ్డ మీద కొట్టి పూయాలి, వెంటనే ఇంకో పొడి గుడ్డతో తుడిచేయాలి. నీడలోనే చేయాలి, వేడి ప్లాస్టిక్ మీద చారలు పడతాయి. పూసినట్టే కనబడదు, నల్ల ప్లాస్టిక్ నల్లగా ఉంటుంది, అంతే. చేతికి జిడ్డు అంటదు. దుమ్ము పడినా విదిలిస్తే పోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

డ్యాష్‌బోర్డు ఇప్పటిదాకా పగల్లేదు, వెలవలేదు. ఆ ఘనత మొత్తం సీసాకు ఇవ్వలేను. ముందు అద్దం రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది, అతినీలలోహిత కిరణాలను చాలావరకు అదే ఆపేస్తుంది. లోపల ఎక్కువ దెబ్బ తీసేది వేడి. దానికి నేను రోజూ పెట్టే వెండి రంగు సన్‌షేడే ఎక్కువ పని చేసి ఉంటుంది.

బయట సంగతి వేరు. అక్కడ ఎండ నేరుగా పడుతుంది. బంపర్ కింది నల్ల ప్లాస్టిక్, వైపర్ల కింది పట్టీ బూడిద రంగుకు తిరిగాయి. ఇదే సీసా అక్కడ పూస్తే కొన్ని వారాలు నల్లగా ఉంటుంది, గట్టి వానలు పడితే అంతకన్నా ముందే పోతుంది. ఒకసారి వెలిసిన ప్లాస్టిక్‌ను ఇది బాగుచేయదు. మైనం పాలిష్ మాత్రం అటువైపు పోనివ్వకండి, గరుకు ప్లాస్టిక్‌లో ఇరుక్కుని తెల్ల మచ్చలు పడతాయి.

సిలికాన్ మీద నాకున్న కోపం డ్యాష్‌బోర్డు వరకే. తలుపుల రబ్బరు బీడింగ్‌కు సిలికాన్ గ్రీజు చక్కగా పనికొస్తుంది, వేడికి రబ్బరు అతుక్కుపోకుండా ఉంటుంది. పెట్రోలియం ద్రావకం కలిసిన చవక పాలిష్‌లను మాత్రం రబ్బరుకు దూరంగా ఉంచుతాను. స్టీరింగుకు, పెడల్స్‌కు, టైరు రోడ్డుకు ఆనే భాగానికి ఏ రకమూ పూయకూడదు, అక్కడ జారితే ప్రాణం మీదికి వస్తుంది.

మీ కారు నీడలో ఉండేదైతే డ్యాష్‌బోర్డుకు తడి గుడ్డే చాలేమో. లేత రంగు డ్యాష్‌బోర్డు ఏ పాలిష్ లేకపోయినా అద్దంలో కనబడుతుంది కాబట్టి, దానికి ఈ సీసాతో నాకు దొరికినంత ఊరట మీకు దొరక్కపోవచ్చు. నాది నల్ల డ్యాష్‌బోర్డు, ఎండలో పార్కింగ్, తరచూ సాయంత్రాలు పడమటికి ప్రయాణం. ఈ వేసవికి కూడా లోపలికి ఇదే కొంటాను. బయటి ప్లాస్టిక్‌కు సిరామిక్ కోటింగ్ రకం ఏదైనా వానాకాలం దాకా ఆగుతుందేమో చూడాలి.