‘కొత్త డైమండ్ ముల్లు’ అని అరిగిన ముల్లు అంటగడుతున్నారు, జాగ్రత్త

రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. హైదరాబాద్ నుంచి మన నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు రికార్డు ప్లేటు గాడిలో నడిచి పాట పలికించే ముళ్ళు, అంటే స్టైలస్‌లు పంపే ఒకతని దగ్గర 1,800 రూపాయలు పెట్టి ముల్లు తెప్పించుకున్నాను. ‘సీల్డ్ పీస్ అన్నా, ఒక్క పాట కూడ ఆడలే’ అన్నాడు. వచ్చింది వాడి వాడి అరగదీసిన ముల్లు. పైపైన శుభ్రం చేసి, కొత్త డబ్బీలో పెట్టి పంపాడు.

కొత్త ముల్లు ఏది వచ్చినా మంచి ప్లేట్ల జోలికి పోకుండా, పోయినా బాధలేని, కానీ ప్రతి పాటా నాకు బాగా తెలిసిన ఒక ఎల్పీ (ఒక్కో వైపు చాలా పాటలుండే పెద్ద ప్లేటు) మీద ముందు ఆడిస్తాను. మొదటి పాటలు బాగానే ఉన్నాయి. లేబుల్ దగ్గరి చివరి పాటకు వచ్చేసరికి స, శ, చ వచ్చిన ప్రతిచోటా గొంతు చీలిపోయింది. అరుగుదల ముందు బయటపడేది అక్కడే. ప్లేటు బయటి అంచున ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది, లోపలికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే శబ్దం అంత ఇరుకులో ఇమిడి ఉంటుంది కాబట్టి, కొన అరిగిన ముల్లు ఆ సన్నని మలుపుల్లోకి దిగలేదు.

ఫోన్ చేస్తే ‘మీ ప్లేటే పాతదన్నా’ అన్నాడు. ఈ మాటకు చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే మన దగ్గర దొరికే ప్లేట్లలో పెళ్ళిళ్ళకు, పందిళ్ళకు మైకుసెట్టు వాళ్ళు ఆడించి ఆడించి గాడి తిన్నవి ఎక్కువ. అందుకే అదే ప్లేటును నా పాత ముల్లుతో మళ్ళీ విన్నాను. చివరి పాట తేటగా పలికింది. ఆ సంగతి చెబితే జవాబు మార్చాడు: ‘జర స్పిరిట్ పెట్టి తుడువన్నా, కొత్తదాని లెక్క మోగుతది. ముల్లు గాడిలోంచి ఎగిరితే పైన రూపాయి బిళ్ళ పెట్టు.’

ఈ సలహా ఎవరిచ్చినా వినకండి. ముల్లును పట్టి ఉంచి దాని కదలికను కరెంటుగా మార్చే ఇప్పటి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌లు చాలావరకు 2 గ్రాముల అటూ ఇటూ బరువుతో ఆడాలి. రూపాయి బిళ్ళే 3 గ్రాములకు పైన ఉంటుంది. అరిగిన ముల్లు మీద అంత బరువు మోపితే అది గాడి గోడలను చెక్కుకుంటూ పోతుంది. ఒకసారి చెక్కిన గాడిని ఏ మందూ బాగుచేయదు.

తెలిసిన లెక్చరర్ ఒకరు కాలేజీ బాటనీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ఇచ్చారు. ముల్లు భాగాన్ని కార్ట్రిడ్జ్ నుంచి ఊడదీసి, కొన పైకి ఉండేలా మైనంలో నిలబెట్టి 100 రెట్లలో చూశాం. కింది లైటుతో నల్లటి నీడ తప్ప ఏమీ కనపడదు, పక్కనుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేయాలి. బాగున్న కొన నున్నగా, గుండ్రంగా ఉండి ఒక చిన్న మెరుపు చుక్క ఇస్తుంది. దీనికి కొనకు రెండు పక్కలా చదునైన ముఖాలు పడ్డాయి, టార్చ్ కదిపితే రెండు బుల్లి అద్దాల్లా తళుక్కుమన్నాయి. గాడి రెండు గోడలూ తినేసిన చోట్లవి. ముల్లును మోసే సన్నని కడ్డీ (కాంటిలీవర్) మొదట్లో, రబ్బరు పక్కన, బూడిదరంగు నూగు కూడా ఇరుక్కొని ఉంది. ఆడని ముల్లుకు నూగు ఎక్కడిది?

నగల పనివాళ్ళ 10 రెట్ల భూతద్దంతో మురికి, వంగిన కాంటిలీవర్ దొరికిపోతాయి గానీ, ఈ చదును దొరకదు. 200 రెట్లు చూపే మైక్రోస్కోప్ దొరికితే మరీ మంచిది.

శుభ్రం చేయడం అవసరమే. మన ఎండాకాలం దుమ్ముకు ప్రతి ప్లేటుకూ ముందు పొడి బ్రష్ వేయాల్సిందే. బ్రష్ వెనక నుంచి ముందుకే, అంటే ప్లేటు తిరిగే దిశలోనే కదపాలి. అడ్డంగా లాగితే కాంటిలీవర్ వంగుతుంది, వేలితో అసలు ముట్టకూడదు. గట్టిపడిన మురికి ఉంటే బ్రష్ కొసకు తడి తగిలేంత స్పిరిట్ చాలు. ఎక్కువైతే లోపలి రబ్బరుకు దిగి దాన్ని పాడుచేస్తుంది. ఇంట్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్లు ఉన్నవాళ్ళు ముల్లు పూర్తిగా ఆరాకే పెట్టండి, ఆ లక్క స్పిరిట్‌కు కరుగుతుంది. ఇంత చేసినా పోయేది మురికి మాత్రమే, అరిగిన వజ్రం తిరిగి రాదు. ఆ అమ్మేవాడికి ఇది తెలియక కాదు.

డబ్బులు వాపసు ఇవ్వలేదు, నంబర్ బ్లాక్ చేశాడు. దానికన్నా నన్ను కలచివేసింది వేరే. మిర్యాలగూడలో ఒక పెద్దాయన ఇతని దగ్గరే ముల్లు కొని, వాళ్ళ నాన్నగారు దాచిన ఘంటసాల ప్లేట్లన్నీ వరుసగా ఆడించారు. ఇప్పుడు ఏ ముల్లు పెట్టినా వాటిలో గరగర పోవడం లేదు.

కాబట్టి కొనేముందు కొనను ముందు నుంచి పెద్దగా చూపే ఫొటో అడగండి, పంపనంటే వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, డబ్బు పోతే సాక్ష్యం అదే. నల్లగొండ చుట్టుపక్కల ఎవరైనా ఈ మధ్య ఇలాంటి ముల్లు కొని ఉంటే నా దగ్గరికి తెండి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూద్దాం. అందాకా మంచి ప్లేట్ల మీద దాన్ని దించకండి.